ఉచిత కంప్యూటర్లకు అర్హులెవరు?

గడచిన సంవత్సరము తలిదండ్రుల సభలో ఒక పెద్దమనిషి లేచి ఇట్లడిగెను: "అయ్యా, మాదాపూరులోను గచ్చిబౌలిలోను ఆకాశమునంటు మేడలలో వేలకొలది కంప్యూటర్లను ఏటేట మార్చివేయుచున్నారట. అందులో పదియైనను మన పిల్లలకేల రాకూడదు?" సభలో చప్పట్లు మ్రోగెను. ఆనాడు నేను సగము సమాధానమే చెప్పగలిగితిని. వేళ చాలలేదు, ఉన్నమాట చెప్పవలెనన్న, నాకు తెలిసినదియు సగమే. తరువాత విచారించి తెలిసికొన్నది ఇచ్చట వ్రాయుచున్నాను.

హైటెక్ సిటీలో మొదటి మేడయగు సైబర్ టవర్సును 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. అంతకు ఏడేండ్లు ముందే, అనగా 1991లో, కేంద్ర ప్రభుత్వము సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా అను సంస్థను నెలకొల్పియుండెను. ఈ సంస్థయొద్ద నమోదైన కంపెనీలు సాఫ్ట్‌వేరును విదేశములకు ఎగుమతి చేయుదుమని ఒడంబడినవి గనుక, అందుకై వారు తెప్పించుకొను యంత్రములకు సుంకము లేకుండ సౌకర్యము కల్పింపబడెను. ఆ యంత్రమును రెండేండ్లు వాడినపిమ్మట, సుంకము చెల్లింపకయే దానము చేయవచ్చునని విదేశ వాణిజ్య విధానమున ఒక నియమము కలదు. కంప్యూటరేగాక ప్రింటరు, స్కానరు, మానిటరు, కీబోర్డు మున్నగునవియు ఇందు చేరును.

అయితే ఎవరికి? గుర్తింపు పొందిన వాణిజ్యేతర విద్యాసంస్థలకు, రిజిస్టరైన ధర్మాసుపత్రులకు, పబ్లిక్ గ్రంథాలయములకు, ప్రభుత్వధనముతో నడచు పరిశోధనాలయములకు, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల సంస్థలకు మాత్రమే. ఈ జాబితాలో మనకు సంబంధించిన మాటలు రెండు: "గుర్తింపు పొందిన" అనునది ఒకటి, "వాణిజ్యేతర" అనునది రెండవది. దాత అడుగు కాగితములన్నియు ఈ రెండు మాటలకు రుజువులే.

దానము చేయువారికి ఇంత విచారణ యెందులకని కొందరు విసుగుకొందురు. ఆ యంత్రముపై రావలసిన సుంకమును ప్రభుత్వము విడిచిపెట్టినది. కావున అది కంపెనీ సొత్తువలె కనబడినను అందులో ప్రజలధనము కొంత కలదు. దానిని పొందినవాడు సంతలో అమ్ముకొన్నచో నష్టపడినది కంపెనీ మాత్రమే కాదు. ఇతర దేశములలోను ఈ విచారణ తప్పలేదు. అమెరికాలో 1996 ఏప్రిల్ 17వ తేదీన అధ్యక్షుడు క్లింటనుగారు 12999వ సంఖ్యగల ఆజ్ఞను వెలువరించి, ప్రభుత్వ కార్యాలయములలో మిగిలిపోయిన కంప్యూటర్లను పాఠశాలలకును, విద్యకై పాటుపడు లాభాపేక్షలేని సంఘములకును ఇమ్మని ఆదేశించిరి. అచ్చట ప్రభుత్వ పాఠశాలలతోపాటు ప్రైవేటు పాఠశాలలును అర్హములే. సంఘములు మాత్రము పన్ను మినహాయింపు పొందినట్లు చూపవలెను.

మనదేశములో ప్రభుత్వపు ఆఫీసుల పాత కంప్యూటర్లు తిన్నగా బడులకు వచ్చునని అనేకులు తలంతురు. ఇది చాలవరకు భ్రమ. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్సు ప్రకారము, కేంద్ర ప్రభుత్వ శాఖ తనకు పనికిరాని వస్తువును మొదట అట్టిదని కారణసహితముగా వ్రాయవలెను. అట్టి వస్తువుల మిగులు విలువ రెండు లక్షల రూపాయలు మించినచో టెండరు ద్వారానో వేలము ద్వారానో విక్రయింపవలెను. అంతకు తక్కువైనచో ఏ విధముగా వదిలించుకొనవలెనో అధికారి నిర్ణయించును. కనుక ఆఫీసు గుమ్మమునొద్ద నిలిచి అడిగినంతనే ఇచ్చుటకు అచ్చటి అధికారికి స్వేచ్ఛ లేదు. ఆయనను నిందింపరాదు.

మూడవ మార్గము, 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను. పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు పాళ్లు సంఘసేవకు వెచ్చింపవలెనని అందు కలదు. ఆ సొమ్ముతో కొత్త కంప్యూటర్లు కొని బడులకు ఇచ్చువారు కలరు. కంపెనీ పక్షమున ఆ పని జరుపు సంఘము 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి సీఎస్సార్-1 అను ఫారము దాఖలుచేసి ఒక సంఖ్య పొందవలసియున్నది. యంత్రములను పుచ్చుకొని వాడుకొను పాఠశాలకు ఈ సంఖ్య అక్కరలేదు. ఈ భేదము తెలియక మేము రెండు వారములు వ్యర్థముగా తిరిగితిమి.

ఇక పాఠశాల నిజమైనదా కాదా అని దాత ఎట్లు తెలిసికొనును? అందుకు నేడు మొదటి ఆధారము యూడైస్ సంఖ్య. ఇది పదునొకండు అంకెలది. మొదటి రెండు రాష్ట్రమును, తరువాతి రెండు జిల్లాను, మరి రెండు మండలమును, పిదప మూడు గ్రామమునో వార్డునో, కడపటి రెండు పాఠశాలను తెలుపును. తెలంగాణ పాఠశాలల సంఖ్య 36తో మొదలగును. విద్యార్థులారా, మన బడి సంఖ్యను ఇట్లు విడదీసి చదివి చూడుడు. జాబు పైని చిరునామావలె ఉండును. సంఖ్యనుబట్టి బడి పేరును, యాజమాన్యమును ఎవరైనను ఇంటర్నెట్టులో చూడవచ్చును. అయితే ఎవరైనను చూడవచ్చునన్నప్పుడు, ఎవరైనను ఎత్తి వ్రాసికొననూవచ్చును గదా! అందుచే తెలివిగల దాత సంఖ్యను చూచి ఊరకుండడు. దరఖాస్తులో వ్రాసిన ఫోనుకు కాక, జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయముననో తానుగా వెదకిన మరియొక చోటనో దొరకిన ఫోనుకు పిలిచి, "మీరేనా అడిగినది?" అని హెడ్మాస్టరుగారిని అడుగును. అన్ని పరీక్షలలోను ఈ చిన్న పరీక్షయే గట్టిదని నా అభిప్రాయము.

సంఘములకు నీతి ఆయోగువారి ఎన్జీవో దర్పణ్ సంఖ్య కలదు. అందు పేరున్నంతమాత్రమున ప్రభుత్వము ఆ సంఘమును మెచ్చుకొన్నదని అర్థము కాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున 12ఏ, 80జీ అను పేర్లతో ప్రసిద్ధములైన ఉత్తరువులు అంతకంటె బలమైన సాక్ష్యములు.

మన పాఠశాల అనుభవము చెప్పెదను. ఆ ప్రాంతపు కంపెనీ యొకటి ఇరువది యంత్రములిచ్చుటకు సమ్మతించి, ఆగస్టులో మనకొక ఫారము పంపెను. గుర్తింపు ఉత్తరువు పాఠశాల పేరున ఉన్నది. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా మాత్రము పాఠశాలను నడుపు సొసైటీ పేరున ఉన్నవి. ఇది మిషను బడులన్నింటను సామాన్యమే. ఒక చిన్న ఉత్తరముతో సరిపోయెడిది. చిక్కంతయు సంవత్సరముతో వచ్చినది. మన సొసైటీ నైజాము కాలమున, 1350 ఫసలీ నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద నమోదైనది. సర్టిఫికెట్టుపై 1355 అని ఉన్నది. గుమాస్తా అదే వ్రాయగా ఫారము అంగీకరింపలేదు. ఎవరో పూర్వము తొమ్మిదికి మారుగా మూడు వేసిరని తలచి, ఆయన 1955 అని దిద్దెను. సర్టిఫికెట్టు ఒకటి, ఫారము ఒకటి చెప్పుచుండగా, పరీక్షించినవారు మన దరఖాస్తును ప్రక్కన పెట్టిరి. వారి స్థానమున నేనున్నను అట్లే చేసియుందును.

ఫసలీకి 590 కలిపిన క్రీస్తు శకము వచ్చును. 1355 అనగా 1945-46. ఈ చిన్న లెక్క మాలో ఎవరికిని తోచలేదు, చరిత్ర చెప్పు నాకును తోచలేదు! 2001లో కొత్త చట్టము వచ్చినపిమ్మటను పాత సంఘములు నిలిచియే యున్నవని చూపుటకు రిజిస్ట్రారు కార్యాలయమునుండి ధృవీకృతమైన నకలు తెచ్చుసరికి ఫిబ్రవరి అయ్యెను. అప్పటికి ఆ ఇరువదియు మరియొక బడికి చేరినవి. తరువాతి వేసవిలో మనకు పండ్రెండు వచ్చినవి గాని, మౌసు చేతబట్టి చూడవలెనని ఏడాదియంతయు నన్నడిగిన పదవ తరగతివారు పరీక్షలు వ్రాసి వెళ్లిపోయిరి.

తలిదండ్రులకు ఒక హెచ్చరిక. ప్రభుత్వము ఉచితముగా ల్యాప్‌టాపులిచ్చుచున్నదని ఫోనులకు సందేశములు వచ్చుచుండును. ఇట్టివి బూటకములని కేంద్ర ప్రభుత్వపు ప్రెస్ ఇన్‌ఫర్మేషన్ బ్యూరోవారు పలుమారులు ప్రకటించిరి. నిజమైన దాత కాగితములడుగును. ముందుగా రుసుమడుగడు, ఓటీపీ యడుగడు.

కాగితములు సరిపోయినపిమ్మట కంపెనీవారిద్దరు మన బడికి వచ్చిరి. గదికి తాళమున్నదా, కరెంటు తీగెలు భారమునకు ఆగునా, నేర్పు ఉపాధ్యాయుడెవరు అని చూచిరి. పిల్లలను పిలిచి మాట్లాడిరి. ఆ భాగమే నాకు నచ్చినది. వారు డిస్కులను ముందే తుడిచి పంపిరి. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ సహాయము ముగిసినందున, కొత్త విండోస్‌కు చాలని యంత్రములు ఎన్నో ఆఫీసులనుండి బయటికి వచ్చుచున్నవి. అట్టివానిలో లినక్సు వేసికొన్నచో బడి పనికి చాలును. మనవానిలో తొమ్మిదింటికి అదే వేసితిమి. పూర్తిగా చెడిపోయినవానిని పాత ఇనుము వానికి ఇయ్యరాదు. 2022 నాటి ఈ-వేస్టు నియమముల ప్రకారము రిజిస్టరైన రీసైక్లరుకే అప్పగింపవలెను. కావున చచ్చిన యంత్రములను అంటగట్టువారి దానమును వలదనుటయు మంచిదే.

ఇప్పుడు గుర్తింపు ఉత్తరువు, సొసైటీ సర్టిఫికెట్టు, దాని నకలు, పాన్, యూడైస్ సంఖ్య, కరెస్పాండెంటుగారి ఉత్తరము అన్నియు ఒకే కట్టగా ఆఫీసు బీరువా రెండవ అరలో ఉన్నవి. సర్టిఫికెట్టు మీద పెన్సిలుతో "ఫసలీ, 590 కలుపవలెను" అని వ్రాసియుంచితిని.