ప్రజా భవనాలలో చక్రాల కుర్చీ సౌకర్యం (పాలకీడు ప్రాంతం)

సుగమ ప్రవేశం అనగా చక్రాల కుర్చీ (వీల్‌ఛైర్) వాడే వ్యక్తి, మరొకరు ఎత్తి మోయవలసిన అవసరం లేకుండా కార్యాలయం, ఆసుపత్రి, పాఠశాల, బస్సు వంటి ప్రజా సౌకర్యాలను స్వయంగా చేరి వాడుకోగలగడం. సూర్యాపేట జిల్లాలోని పాలకీడు వంటి మండల కేంద్రాలలో ఇది ఏదో ఒక్క భవనానికి సంబంధించిన విషయం కాదు. ఇంటి గడప నుండి కార్యాలయంలోని బల్ల వరకు ఉన్న దారిలో ఒక్కచోట మెట్టు అడ్డు వచ్చినా మిగిలిన ఏర్పాట్లన్నీ నిరుపయోగమవుతాయి.

నేపథ్యం

పాలకీడు 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రమైనది. అంతకు ముందు ఈ గ్రామం నల్గొండ జిల్లా నేరేడుచర్ల మండలంలో ఉండేది. అదే సంవత్సరం డిసెంబరులో పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టాన్ని ఆమోదించగా, 2017 ఏప్రిల్ 19 నుండి అది అమలులోకి వచ్చినది. కనుక కొత్త జిల్లాకు, కొత్త మండలానికి ఆ తరువాత కట్టిన ప్రతి ప్రభుత్వ భవనమూ ఈ చట్టం పరిధిలోనిదే. 2023 ఆగస్టులో ప్రారంభమైన సూర్యాపేట సమీకృత కలెక్టరేటుకు కూడా ఇది వర్తిస్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో అన్ని రకాల వికలాంగులు కలిపి సుమారు 22.66 లక్షల మంది ఉన్నారు. పూర్వపు నల్గొండ జిల్లాలో భూగర్భ జలాలలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగిపోయి నడవలేని స్థితికి చేరినవారు అనేకులు. పోలియో సోకినవారిలో నేడు మిగిలినవారు ఎక్కువగా నడివయసు వారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైనది. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ జాతీయ రహదారి వంటి రద్దీ రహదారులపై ప్రమాదాలలో వెన్నెముక దెబ్బతినేవారు, పక్షవాతం వచ్చిన వృద్ధులు ఈ సంఖ్యకు తోడవుతూనే ఉంటారు.

ర్యాంపు, గడప, మరుగుదొడ్డి

ర్యాంపు వాలు 1:12 కంటే ఎక్కువ నిటారుగా ఉండరాదన్నది సాధారణ ప్రమాణం. అనగా ఒక్క అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావలెను. నాలుగు మెట్లు, అంటే సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున్న అరుగు ఎక్కడానికి 7.2 మీటర్ల ర్యాంపు అవసరం. స్థలం లేదని దానిని రెండు మీటర్లలో ముగిస్తే అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. దానిపై కుర్చీని పైకి నెట్టడం కష్టం, కిందికి దించడం ప్రమాదం. తనిఖీ కాగితంలో మాత్రం "ర్యాంపు ఉన్నది" అని నమోదవుతుంది.

ద్వారం వెడల్పు 90 సెంటీమీటర్లు, లోపల కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల వ్యాసం గల ఖాళీ స్థలం ఉండవలెను. తెలుగు ఇండ్లలో పసుపు కుంకుమలతో అలంకరించే గడప చక్రానికి గోడ వంటిది. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవలెను. లోపలికి తెరుచుకుంటే కుర్చీ లోపలికి వెళ్ళిన తరువాత తలుపు మూయడం సాధ్యం కాదు. వాడుకోదగిన మరుగుదొడ్డి లేదని తెలిసి ఇంటి నుండి బయలుదేరే ముందు నీళ్ళు తాగడం మానేసేవారున్నారు. వెన్నెముక గాయం ఉన్నవారికి ఇది మూత్రకోశ వ్యాధులకు దారి తీయగలదు.

పల్లెలలో కుర్చీ కంటే చేతితో తిప్పే మూడు చక్రాల బండి వాడకం ఎక్కువ. మట్టి బాటపై అది బాగా నడుస్తుంది. కాని కుర్చీ కొలతలతో కట్టిన ర్యాంపు మలుపులలో అది తిరగదు, గదిలోకి రాదు. బండిని వాకిట్లో వదిలి చేతులపై పాకుతూ లోపలికి పోవలసిన దుస్థితి ఇందువలననే. కార్యాలయంలో ఒక కుర్చీని సిద్ధంగా ఉంచితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఖర్చు స్వల్పమే.

ప్రయాణం

మండల కేంద్రంలో తేలని పనికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు పోవలెను. ఆర్టీసీ వికలాంగులకు ఛార్జీలో రాయితీ ఇస్తున్నది. అయితే పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు మోకాలి ఎత్తున ఉంటుంది, తలుపు ఇరుకు. బస్సు ఎక్కలేనివారికి రాయితీతో ప్రయోజనమేమి? అందువలన పలువురు ఆటోలను ఆశ్రయిస్తారు, కుర్చీని మడిచి వెనుక కట్టుకుంటారు. మిర్యాలగూడ రైల్వే స్టేషను అమృత్ భారత్ పథకానికి ఎంపికైనది. వికలాంగుల సౌకర్యాలు ఆ పథకం లక్ష్యాలలో ఒకటి.

చట్టం

వికలాంగులకు తొలి సమగ్ర చట్టం 1995లో వచ్చినది. 2016 చట్టం 44వ సెక్షను ప్రకారం ప్రమాణాలు పాటించని భవనానికి అనుమతి గాని, పూర్తి అయినట్లు ధ్రువపత్రం గాని ఇవ్వరాదు. 45వ సెక్షను పాత ప్రజా భవనాలను సవరించడానికి, నియమాలు వెలువడిన నాటి నుండి ఐదేళ్ళ గడువు ఇచ్చినది. నియమాలు 2017 జూన్‌లో వెలువడ్డాయి కనుక ఆ గడువు 2022 జూన్‌తో ముగిసినది. ఉల్లంఘనకు మొదటిసారి పదివేల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. ఫిర్యాదులను రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఇవ్వవచ్చును. చట్టం చెప్పిన ప్రజా సౌకర్యాలలో మతపరమైన సేవలు కూడా చేరి ఉన్నాయి. కాబట్టి వేలమంది వచ్చే జాన్‌పహాడ్ దర్గా ఉర్సు వంటి సందర్భాలకు కూడా ఇది సంబంధించినదే.

రాజీవ్ రతూరి కేసులో సుప్రీం కోర్టు 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ముఖ్యమైనది. హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రం సమర్పించిన నివేదిక దీనికి ఆధారాలలో ఒకటి. 2017 నియమాలలోని 15(1) సూచనల స్థాయిలోనే ఉన్నదని, అది చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చి, తప్పనిసరి ప్రమాణాలను రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించినది.

ఎన్నికలు

పల్లెలలో ర్యాంపులు రావడానికి ఎన్నికలు ఒక పెద్ద కారణం. పోలింగు కేంద్రాలలో ర్యాంపులు ఉండవలెనని సుప్రీం కోర్టు 2004లో ఆదేశించినది. పోలింగు కేంద్రాలు ఎక్కువగా బడులలోనే ఉంటాయి కాబట్టి ఓటరు కోసం కట్టిన ర్యాంపు బడిపిల్లలకు కూడా ఉపయోగపడుతున్నది. 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికలలో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ఇంటి నుండి ఓటు వేసే వీలు కల్పించారు. అది ఐచ్ఛికం మాత్రమే. కేంద్రానికి వచ్చి వరుసలో నిలిచి ఓటు వేయదలచిన వ్యక్తికి దారి ఏర్పాటు చేసే బాధ్యత అధికారులపై అలాగే ఉన్నది.