నర్సింగ్‌కు ముందు మెట్టు

"మా అమ్మాయి అమెరికాలో నర్సింగ్ చదువుతోందండీ" అని మందుల కిటికీ దగ్గర ఒక అమ్మగారు మాతో సంతోషంగా చెప్పారు. వివరం అడిగితే తెలిసింది, ఆ అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో హెల్త్ సైన్సెస్ చదువుతోంది. నర్సింగ్ సీటు ఇంకా రాలేదు.

కమ్యూనిటీ కాలేజీలంటే అక్కడ స్థానికులకు తక్కువ ఫీజుతో చదువు చెప్పే రెండేళ్ల కళాశాలలు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని జాలియెట్‌లో 1901లో మొదలైన కాలేజీ వీటిలో పాతది. మన పిల్లలు ఇంటర్ బై.పి.సి. అయ్యాక బి.ఎస్సీ. నర్సింగ్‌కు వెళ్తారు. అక్కడ మాత్రం అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ వంటివి కాలేజీలో ముందే పూర్తిచేసి, ఆ గ్రేడ్లతో నర్సింగ్‌కు దరఖాస్తు పెట్టాలి. పాసైనంత మాత్రాన సీటు రాదు, పోటీ ఎక్కువ. పైగా ఐదేళ్లో ఏడేళ్లో దాటిన సైన్సు గ్రేడ్లను ఒప్పుకోని కాలేజీలు చాలా ఉన్నాయి. కాన్పు కోసం చదువు ఆపిన ఆడపిల్లలకు ఇక్కడే దెబ్బ తగులుతుంది.

అలాగని ఆ చదువు వృథా కాదు. మూత్రపిండం ఎలా పనిచేస్తుందో చదివి వచ్చిన విద్యార్థినికి, రోగి తాగిన నీళ్లూ పోసిన మూత్రమూ కొలిచి ఎందుకు రాయాలో మా వార్డులో వేరే చెప్పనక్కర్లేదు.

ఫీజు కట్టేముందు కాలేజీని అడగాల్సినవి ఉన్నాయి. ఈ సబ్జెక్టులను ఏ నర్సింగ్ కోర్సు ఒప్పుకుంటుంది? ఏ గ్రేడ్ కావాలి? ఎన్నేళ్లు చెల్లుతుంది? ఆ కోర్సుకు రాష్ట్ర నర్సింగ్ బోర్డు అనుమతి ఉందా? అది లేకపోతే చివరన ఎన్‌క్లెక్స్ పరీక్ష దగ్గర చిక్కు వస్తుంది.

అమ్మగారు ఇవన్నీ మందుల చీటీ వెనుక మాచేత రాయించుకున్నారు. రాత్రికి అమ్మాయి ఫోన్ చేస్తుందట.