ముల్లు తిప్పితే మూడు రాష్ట్రాలు

దేవసూగూరు దగ్గర కృష్ణ దాటితే తెలంగాణ. ఇవతలి ఒడ్డు కర్ణాటకలోని రాయచూరు జిల్లా, అవతల నారాయణపేట జిల్లాలోని కృష్ణా రైల్వే స్టేషన్. భీమా నది వచ్చి కృష్ణలో కలిసే సంగమం కాస్త ఎగువనే ఉంది. ఊళ్లో సూగూరేశ్వరుడి గుడి, పక్కనే శక్తినగర్, ఎనిమిది యూనిట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం. 1,720 మెగావాట్ల ఈ కేంద్రాన్ని నమ్ముకుని కన్నడిగులూ తెలుగువాళ్లూ ఒకే కాలనీలో కాపురాలు పెట్టారు. సంతలో బేరం కన్నడంలో మొదలై తెలుగులో తెగినా ఎవరూ వింతగా చూడరు.

ట్రాన్సిస్టర్ రోజుల్లో ఇలాంటి ఊరికి రేడియో ఒక పండగ. చీకటి పడ్డాక మీడియం వేవ్ తరంగాలు ఆకాశం మీది పొరకు తగిలి కిందికి వంగుతాయి కాబట్టి వందల కిలోమీటర్ల అవతలి స్టేషన్లు కూడా పలికేవి. ముల్లు 738 మీద పెడితే హైదరాబాదు, 765కి జరిపితే ధారవాడ, 837లో విజయవాడ, 900లో కడప, 1107లో కలబురగి. అయితే హైటెన్షన్ తీగల కింద నిలబడి వింటే పాట కంటే గరగరే ఎక్కువ. సెట్టును ఇటు తిప్పి, అటు తిప్పి, లోపలి ఫెర్రైట్ కడ్డీ ఏ దిక్కుకు చూస్తే గోల తగ్గుతుందో పట్టుకోవాలి. ఎఫ్‌ఎం వచ్చాక ఆ బాధ తప్పింది, దాంతోపాటు దూరపు స్టేషన్లూ పోయాయి. ఎఫ్‌ఎం తరంగం దాదాపు చూపు ఆనినంత మేరే వెళ్తుంది. 75 మీటర్ల టవరు మీంచి నేల మీదికి సుమారు 35 కిలోమీటర్లు. దేవసూగూరు రాయచూరుకు ఇరవై కిలోమీటర్ల దరిదాపులో ఉంది గనక అక్కడి ఆకాశవాణి స్టేషన్ తగులుతుంది. హైదరాబాదు ఎఫ్‌ఎంలు తగలవు.

యజమాని మారితే స్టేషన్ మారడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. రాయచూరు నిజాం రాజ్యంలో ఉన్న కాలంలో హైదరాబాదు నుంచి దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో మొదలైంది. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. ఆరేళ్లకు రాష్ట్రాల సరిహద్దులు మారి రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. తరంగాలకు మాత్రం ఏ గెజిట్టూ అందలేదు, హైదరాబాదు తెలుగు నదికి ఇవతలా వినబడుతూనే ఉంది.

అసలు దెబ్బ అంటే ఏమిటో వరల్డ్‌స్పేస్ చూపించింది. ఉపగ్రహం నుంచి నేరుగా పలికే ఆ రేడియోలో తెలుగుకు ‘స్పందన’, కన్నడానికి ‘స్పర్శ’ అని విడివిడి చానెళ్లు ఉండేవి. ఏ టవరూ అక్కర్లేదు, డాబా మీద చిన్న యాంటెన్నా చాలు, దేవసూగూరులోనైనా దుబాయిలోనైనా ఒకటే నాణ్యత. జనం డబ్బు పెట్టి సెట్లు కొన్నారు, చందాలు కట్టారు. 2008లో అమెరికాలోని మాతృసంస్థ దివాలా తీసింది. 2009 డిసెంబర్ 31తో ఇక్కడి ప్రసారం ఆగిపోయింది. ఉపగ్రహం చెడిపోలేదు, వినేవాళ్లూ పోలేదు. లెక్కల పుస్తకం ఎక్కడో మూతపడితే ఇక్కడ అలమరలో సెట్టు మూగబోయింది.

ప్రైవేటు ఎఫ్‌ఎంల కథలో ఇంత నాటకీయత లేదు. అందుకే ఎవరికీ పట్టలేదు. సన్ గ్రూపు ఎస్ ఎఫ్‌ఎం స్టేషన్లు 2009లో రెడ్ ఎఫ్‌ఎంలయ్యాయి, తమిళనాట మాత్రం సూర్యన్ సూర్యన్‌గానే మిగిలింది. రేడియో సిటీ 2015లో జాగరణ్ సంస్థ చేతికి వెళ్లింది. బిగ్ ఎఫ్‌ఎం దివాలా ప్రక్రియలో పడి 2024లో సఫైర్ మీడియా పరమైంది. బోర్డు మారడం వ్యాపారంలో మామూలే, దాని మీద నాకు గొడవ లేదు. గొడవల్లా స్టూడియోలో కుర్చీ ఖాళీ అవడం గురించే.

కుర్చీ ఎలా ఖాళీ అవుతుందో చూడండి. ఇప్పుడు స్టేషన్ అంటే ఒక కంప్యూటరు. తెర మీద గంటకొక పట్టిక ఉంటుంది: పాట, స్టేషన్ పేరు పలికే జింగిల్, ప్రకటనలు, మళ్లీ పాట, మధ్యలో ఆర్జే మాట. ఆ మాట అప్పటికప్పుడు చెప్పాలనేం లేదు. పెద్ద ఊళ్లో కూర్చున్న ఆర్జే నాలుగు గంటల కార్యక్రమానికి సరిపడా మాటలు ముప్పావు గంటలో రికార్డు చేసి పడేయొచ్చు. ‘శుభోదయం, బయట వాతావరణం ఎంత హాయిగా ఉందో!’ అని పలికే సమయానికి మన వీధిలో వాన దంచికొడుతూ ఉండొచ్చు.

మొదట్లో దీనికో హద్దుండేది. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు కేంద్రం పెట్టిన రెండో దశ నిబంధనల ప్రకారం ఒకే కార్యక్రమాన్ని పలు స్టేషన్లలో వేసే వెసులుబాటు ఒక ప్రాంతంలోని చిన్న ఊళ్లకే, అంటే సి, డి కేటగిరీలకే పరిమితం. 2011 నాటి మూడో దశ విధానం ఆ హద్దు తీసేసింది. కంపెనీ తన నెట్‌వర్క్‌లో దేశమంతటా ఎక్కడి కార్యక్రమాన్ని ఎక్కడైనా వేసుకోవచ్చు. ఒక నగరంలో 40 శాతం చానెళ్ల వరకూ ఒకే సంస్థ దక్కించుకోవచ్చు, కనీసం ముగ్గురు నిర్వాహకులుంటే చాలు. సొంత వార్తలకు మాత్రం అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, అంతే. పాటకు లేని కాపలా వార్తకెందుకో ఏలినవారికే తెలియాలి.

కంపెనీల వైపు కూడా ఒక మాట చెప్పుకోవాలి. రాయచూరు డి కేటగిరీ ఊరు. అలాంటి చోట ప్రైవేటు స్టేషన్ పెడితే ప్రసార శక్తి 1 నుంచి 3 కిలోవాట్లు, ప్రకటనలిచ్చేది నగల దుకాణాలు, బట్టల కొట్లు, కోచింగ్ సెంటర్లు. ఆ రాబడితో నలుగురు ఆర్జేలకు జీతాలివ్వడం కష్టమే. 2016లో 266 చానెళ్లు వేలానికి పెడితే 66 మాత్రమే అమ్ముడయ్యాయి. రేడియో శ్రోతలను కొలిచే ‘రామ్’ సర్వే ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, బెంగళూరు దాటి రాలేదు. లైసెన్సు నగరం పేరున, ప్రకటనల ధర నగరం లెక్కన. సిగ్నల్ మాత్రం పొలాల మీదుగా నది దాటిపోతుంది. కాబట్టి దేవసూగూరు కవరేజీ పటంలో ఉంటుంది, లెక్కలో ఉండదు. అవతలి ఒడ్డున ఉన్న తెలుగు శ్రోత అయితే అలాంటి కన్నడ స్టేషన్‌కు బొత్తిగా కనబడడు.

ఇంత రాద్ధాంతం దేనికి, పాటలు ఫోన్లో వస్తున్నాయిగా అంటారా? అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రపు మైనట్ పట్నం సంగతి వినండి. 2002 జనవరి 18 అర్ధరాత్రి దాటాక గూడ్సు రైలు పట్టాలు తప్పి అమోనియా మేఘం ఊరిని కమ్మేసింది. ఆ ఊరి ఆరు వాణిజ్య స్టేషన్లూ క్లియర్ చానెల్ అనే ఒక్క కంపెనీవే. పోలీసులు ఫోను చేస్తే పలికినవాళ్లు లేరు. అత్యవసర హెచ్చరిక యంత్రం పనిచేయకపోవడంలో తప్పెవరిదని తర్వాత వాదులాడుకున్నారు గానీ, గాలిలో పాటలు నడుస్తుండగా జనం ఊపిరాడక ఇళ్లలో ఇరుక్కున్నది నిజం.

మనకు అమోనియా రైలు అక్కర్లేదు, కృష్ణమ్మ చాలు. 2009 అక్టోబర్ వరదలో రాయచూరు జిల్లా, మంత్రాలయం, కర్నూలు ఏమయ్యాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పైన నారాయణపూర్ డ్యాం గేట్లెత్తితే, భీమా కూడా పొంగితే, దేవసూగూరు దగ్గర రెండు ఒడ్లకూ ఒకే నీరు. కరెంటు పోయి, సెల్ టవర్ల బ్యాటరీలు అడుగంటాక పలికేది బ్యాటరీ రేడియో ఒక్కటే. ప్రకృతి విపత్తుల సమాచారం, వాతావరణం, నీటి సరఫరా వివరాలు చెప్పడం ప్రైవేటు ఎఫ్‌ఎంలకు నిషిద్ధం కాదు, వాటిని వార్తలుగా లెక్కించరు. చెప్పడానికి మనిషి ఉండాలి, అంతే.

మనిషి ఉంటే ఏమవుతుందో జహీరాబాద్ దగ్గరి మాచనూరుకు వెళ్తే తెలుస్తుంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంగం రేడియో మొదలుపెట్టారు. చిరుధాన్యాల సాగు, విత్తనాలు, పండగ పాటలు అన్నీ ఆ ఊళ్ల యాసలోనే. సమాజ రేడియోకు మామూలుగా అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లే, పది పదిహేను కిలోమీటర్ల మేర. దేవసూగూరుకూ అవతలి ఒడ్డుకూ అది ధారాళంగా సరిపోతుంది. స్వచ్ఛంద సంస్థలకూ విద్యాసంస్థలకూ కృషి విజ్ఞాన కేంద్రాలకూ దరఖాస్తు చేసే అర్హత ఉంది.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 234 కొత్త నగరాల్లో 730 చానెళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. జాబితాలో రాయచూరు ఉంది, మహబూబ్‌నగర్ ఉంది, ఆదోని, కర్నూలు ఉన్నాయి. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరుగుతాయన్నది సర్కారు చెప్పిన కారణం. మంచిదే. అయితే లైసెన్సు షరతుల్లో ఆ మాట రాసి ఉండాలి: పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఆ ఊరి స్టూడియో నుంచే ప్రత్యక్ష ప్రసారం, సరిహద్దు ఊళ్లలో రెండు భాషలూ, వరద హెచ్చరిక ఉన్న రాత్రి డ్యూటీలో ఒక మనిషి. ఇది అడిగి రాయించాల్సింది రాయచూరు, మహబూబ్‌నగర్ ఎంపీలు. వాళ్లను అడగాల్సింది రెండు ఒడ్ల జనం.