‘మావాడే’ అనే దేశం

విశాఖపట్నంలో కంచరపాలెం వైపు బర్మా క్యాంప్ అనే పేట ఉంది. బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చిన తెలుగు కుటుంబాల పేట అది. ఆ వచ్చినవాళ్ళ మనవలకు ఇవాళ ఓటు ఉంది, రేషన్ కార్డు ఉంది, అడిగితే పాస్‌పోర్టు వస్తుంది. హైదరాబాద్ ఆగ్నేయ అంచున, బాలాపూర్, షాహీన్‌నగర్ చుట్టుపక్కల ఖాళీ ప్లాట్లలో, వెదురు బొంగులూ ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న గుడిసెల్లో కూడా బర్మా నుంచి వచ్చినవాళ్ళే, రోహింగ్యాలు, ఉంటున్నారు. వాళ్ళకు ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. రెండు చోట్లకూ మనుషులను తరిమింది ఒకే దేశం. ఓడ దిగిన తెలుగువాణ్ణి ‘మావాడే’ అనడానికి ఒక దేశం ఉంది. బాలాపూర్ చేరిన రోహింగ్యాను అలా అనే దేశం భూమ్మీద ఎక్కడా లేదు.

బాలాపూర్ అనగానే మనకు గణేశుడి లడ్డూ గుర్తొస్తుంది. 1994లో 450 రూపాయలకు మొదలైన ఆ వేలం పాట 2025లో 35 లక్షలు పలికింది. కొద్ది కిలోమీటర్ల దూరంలో దిల్‌సుఖ్‌నగర్. అక్కడ మెట్రో స్తంభాల పక్క మేడల మీద అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా పేర్లతో కన్సల్టెన్సీల బోర్డులు. ఊరు దాటి వెళ్ళాలన్న కోరిక మీదనే ఆ రోడ్డు సగం బతుకుతోంది. అదే రోడ్డు మీదుగా తెల్లవారకముందే పాత ఇనుము, అట్టముక్కలు ఏరుకోవడానికీ, కూలి పనులకూ బాలాపూర్ శిబిరాల నుంచి మనుషులు వస్తారు. వీళ్ళు 2012 జూన్‌లో మయన్మార్ (అంటే బర్మా) రఖైన్ రాష్ట్రంలో ఊళ్ళు తగలబడ్డాక, ఆ తర్వాతి ఏళ్ళలో, బంగ్లాదేశ్ మీదుగా వచ్చినవాళ్ళు. హైదరాబాద్‌లో ఐదారు వేలమంది ఉంటారని అంచనా. స్థలం యజమానికి అద్దె కట్టి గుడిసె వేసుకుంటారు. వాళ్ళ చేతిలో ఉండేది ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు ఒక్కటే. దానికి మన చట్టంలో విలువ లేదని కేంద్రం చెబుతూ వస్తోంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు.

వీళ్ళ కథ అర్థం కావాలంటే ముందు మన కథ చెప్పుకోవాలి. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. కరువు వస్తే రంగం, అప్పు పెరిగితే రంగం, ఇంట్లో పొసగకపోతే రంగం. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల్లో ఓడ ఎక్కి బంగాళాఖాతం దాటితే అక్కడ ఓడరేవులో మూటలు మోసే పని, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగే పని. కోరంగి రేవు పేరు మీదుగా తెలుగు కూలీలందరినీ అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. పాస్‌పోర్టు ఊసే లేదు. టికెట్టు డబ్బులుంటే చాలు. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం మాత్రమే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగం మందికి పైగా భారతీయులే. ఒక తెలుగు కూలి శ్రీకాకుళం నుంచి రంగూన్ వెళ్ళడం ఆనాడు శ్రీకాకుళం నుంచి మద్రాసు వెళ్ళడం లాంటిదే.

అది ఎక్కువ కాలం నిలవలేదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను తెచ్చుకున్నాయి. సమ్మె తీరి తెలుగువాళ్ళు తిరిగి పనిలోకి రాగానే బర్మావాళ్ళను పొమ్మన్నాయి. మే 26న మొదలైన కొట్లాటలో వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మన కూలీలే. కంపెనీలు ఆడిన ఆటకు ఇరువైపుల పేదలు ఒకరినొకరు చంపుకున్నారు. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. నిన్నటిదాకా రాష్ట్రం మారిన మనిషి ఆ రోజుతో దేశం మారిన మనిషయ్యాడు. తను కాలు కూడా కదపలేదు. 1941లో భారతీయుల రాకకు పాస్‌పోర్టులు, వీసాలు పెట్టాలని రెండు ప్రభుత్వాలూ ఒప్పందానికి వచ్చాయి. ఆ ఏడాది డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక ఐదు లక్షల వరకూ భారతీయులు పారిపోయారు. ఎక్కువమంది అరకాన్ (నేటి రఖైన్) కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా కాలినడకనే వచ్చారు. మలేరియాతో, కలరాతో, ఆకలితో దారిలోనే రాలిపోయినవాళ్ళు వేలు, పదుల వేలు. తెల్లవాళ్ళకు ఒక దారి, నల్లవాళ్ళకు ఒక దారి అని ఆ నడకలో కూడా వేరు చేశారు. తెలుగు పత్రికలు తర్వాత వీళ్ళను కాందిశీకులని రాశాయి.

యుద్ధం ముగిశాక కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో జనరల్ నె విన్ సైన్యంతో అధికారం చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశాడు. యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నాడు. వెళ్ళిపోయే భారతీయులు వెంట తీసుకెళ్ళే నగలకూ నగదుకూ పరిమితి పెట్టాడు. ఆ నాలుగైదేళ్ళలో లక్షన్నర మందికి పైగా భారతీయులు వెనక్కి వచ్చారు. మద్రాసులో బర్మా బజార్, విశాఖలో బర్మా క్యాంప్ అప్పటి గుర్తులే. యాంగోన్ (అంటే రంగూన్), మౌలమైన్ వైపు ఉండిపోయిన తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

ఈ వచ్చినవాళ్ళలో చాలామంది బర్మాలోనే పుట్టారు. భారతదేశం మొహం చూడనివాళ్ళున్నారు. అయినా మన రాజ్యాంగం ఎనిమిదో అధికరణంలో వాళ్ళ కోసం ఒక తలుపు ఉంది. తల్లిదండ్రులో, తాతలో అవిభక్త భారతదేశంలో పుట్టి ఉంటే, విదేశంలోని మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని పౌరుడు కావచ్చు. తాత పుట్టిన ఊరి పేరు ఆ కుటుంబాలను కాపాడింది. డబ్బు, చదువు, పలుకుబడి ఏమీ లేని మనుషుల కోసం ప్రభుత్వం ఓడలు నడిపింది, ఇళ్ళ స్థలాలు ఇచ్చింది. ఆనాటి ప్రభుత్వం చేసిన మంచి పనుల్లో ఇది ఒకటని నేను గట్టిగా నమ్ముతాను.

భారతీయులను అలా పంపించేసిన నె విన్ ప్రభుత్వమే 1982 అక్టోబరులో కొత్త పౌరసత్వ చట్టం తెచ్చింది. 1823కు ముందు, అంటే ఇంగ్లీషువాళ్ళతో మొదటి యుద్ధానికి ముందు, బర్మాలో స్థిరపడిన జాతులే అసలు పౌరులంది. తర్వాతివాళ్ళకు తక్కువ రకం పౌరసత్వాలు రెండు పెట్టింది. జాతుల జాబితాలో రోహింగ్యాల పేరు లేదు. తరతరాలుగా అరకాన్‌లో పొలం దున్నిన మనిషి తన తాతలు 1823కు ముందు అక్కడున్నారని ఏ కాగితంతో చూపిస్తాడు? మన ఇళ్ళల్లో ఎంతమందిమి చూపించగలం? ఆ తర్వాత పక్క పట్టణానికి వెళ్ళాలన్నా అనుమతి పత్రం, పెళ్ళి చేసుకోవాలన్నా అనుమతి. 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం ఊళ్ళ మీద పడితే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు.

ఇక్కడికొచ్చాక వాళ్ళ సంగతి ఏమిటి? మన రాజ్యాంగం సమానత్వపు హక్కునూ, జీవించే హక్కునూ ‘ప్రతి వ్యక్తి’కీ ఇచ్చింది. దేశంలో తిరిగే హక్కు, ఎక్కడైనా నివసించే హక్కు ‘పౌరుల’కే ఇచ్చింది. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఈ గీత మీదే నిలబడి, వెనక్కి పంపకుండా ఆపమని అడిగే హక్కు నివాస హక్కుకు అనుబంధమని, అది పౌరులది మాత్రమేనని తేల్చింది. చట్టం చెప్పిన పద్ధతి ప్రకారమే పంపాలంది. అంతకుముందు నెలలోనే జమ్మూలో 150 మందికి పైగా రోహింగ్యాలను పట్టుకుని హీరానగర్ కేంద్రంలో పెట్టారు. 2018 అక్టోబరులో అస్సాం నుంచి ఏడుగురిని మోరే సరిహద్దు దగ్గర మయన్మార్‌కు అప్పగించారు. ఇలాంటి కబురు విన్నాక బాలాపూర్‌లోని మనిషి వేరే ఊళ్ళో చుట్టాల ఇంట చావు అయినా రైలెక్కడానికి వెనకాడక ఏం చేస్తాడు? కొందరికి మొదట్లో దీర్ఘకాల వీసాలు దొరికాయి. తర్వాత ఆ దారి మూసుకుపోయింది. మూడో దేశం తీసుకుంటామన్నా ఇక్కడి నుంచి బయటపడే ఎగ్జిట్ పర్మిట్ రాక ఆగిపోయినవాళ్ళున్నారని శరణార్థుల సంస్థలు చెబుతున్నాయి. ఉండనివ్వరు, పోనివ్వరు. ఇక్కడే పుట్టిన వాళ్ళ పిల్లలకు కూడా పౌరసత్వం లేదు. 1987 జులైకి ముందైతే ఈ నేల మీద పుడితే చాలు. 2004 డిసెంబరు 3 తర్వాత తల్లిదండ్రుల్లో ఒక్కరు అక్రమ వలసదారైనా బిడ్డకు ఆ హక్కు లేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో మయన్మార్ ఊసే లేదు.

ఇదంతా మనకు సంబంధం లేని గొడవ అనుకునే పాఠకుడికి గల్ఫ్ సంగతి చెప్తాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్ళిన మనిషి పాస్‌పోర్టును కఫీల్, అంటే అక్కడి యజమాని, తన దగ్గర పెట్టుకుంటే, చేతిలో కాగితం లేక, జీతం రాక బయటికి పారిపోతాడు. అక్కడి మన కూలీల మాటలో ‘కల్లివెల్లి’ అవుతాడు. ఆ పాస్‌పోర్టు నిజానికి కఫీల్ సొత్తు కాదు, మన చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి. ఎన్ని బాధలు పడినా ఆఖరికి అతనికి ఒక దారి ఉంది. ఎంబసీకి వెళ్తే ‘ఔట్‌పాస్’ ఇస్తారు. దాంతో విమానం ఎక్కి శంషాబాద్‌లో దిగుతాడు. ఔట్‌పాస్ అంటే ఒక ప్రభుత్వం ‘వీడు మావాడే, పంపించండి’ అని రాసిచ్చిన చీటీ. రోహింగ్యాకు ఆ చీటీ రాసిచ్చే ఎంబసీ లేదు.

అమెరికా వెళ్ళిన పిల్లలకూ ఈ బరువు తెలుసు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదన్న నియమం చూసేది చదువును కాదు, పుట్టిన దేశాన్ని. తర్వాత కెనడా పౌరసత్వం తీసుకున్నా భారతదేశపు వరుసలోనే నిలబడాలి. ఎక్కడ పుట్టాలో ఎవరూ ఎంచుకోలేదు కదా అని మన పిల్లల తరఫున మనం వాదిస్తాం. ఆ వాదన న్యాయమైనదే. అదే వాదన బాలాపూర్ గుడిసెలోని పిల్ల తరఫున కూడా న్యాయమే.

ఇలాంటి చిక్కు ఈ ఊరికి కొత్త కాదు. బాలాపూర్‌కు దగ్గర్లోనే బార్కస్ ఉంది. నిజాం సైన్యంలో చేరిన హద్రమౌత్ అరబ్బుల వారసులు అక్కడుంటారు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారత్‌లో కలిశాక అరబ్బులను, రోహిల్లా పఠాన్లను విదేశీయులని నిర్బంధించారు. పంపేద్దామంటే హైదరాబాద్‌లోనే పుట్టినవాళ్ళు చాలామంది. ఎక్కడికని పంపుతారు? ఎంతోమంది ఇక్కడే ఉండిపోయారు. ఇవాళ బార్కస్ లేని హైదరాబాద్‌ను ఊహించలేం.

రోహింగ్యాల మీద స్థానికులకు భయాలున్నాయి. దొంగ కాగితాలతో ఆధార్ తీసుకున్నవాళ్ళను పోలీసులు అరెస్టు చేసిన మాట నిజం. నేరం చేసినవాణ్ణి శిక్షించాల్సిందే. అయితే నిజమైన కాగితం దొరికే దారి ఒక్కటి కూడా లేని చోటే దొంగ కాగితానికి గిరాకీ పుడుతుంది. పేరు, వేలిముద్ర, చిరునామా ప్రభుత్వ దస్త్రంలో ఉన్న మనిషిని వెతకడం పోలీసుకే సులువు. ఈ అనుమానం పౌరులను కూడా వదల్లేదు. 2020లో ఆధార్ సంస్థ హైదరాబాద్‌లో 127 మందికి నోటీసులు పంపినప్పుడు, పుట్టి పెరిగిన ఊళ్ళోనే తాను భారతీయుణ్ణని నిరూపించుకోవాల్సిన అవస్థ ఒక ఆటో డ్రైవరుకు వచ్చింది.

మార్గం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 1922లో నార్వేవాడైన ఫ్రిట్‌యోఫ్ నాన్సెన్ దేశం పోగొట్టుకున్న రష్యన్లకు ప్రయాణ పత్రం ఇప్పించాడు. దాన్ని నాన్సెన్ పాస్‌పోర్టు అన్నారు. అది పౌరసత్వం ఇవ్వదు, మనిషి ఎవరో చెబుతుంది, సరిహద్దు దాటనిస్తుంది. మన ప్రభుత్వం కూడా టిబెటన్లకు ఐడెంటిటీ సర్టిఫికెట్ పేరుతో అలాంటి పుస్తకమే ఇస్తోంది. 1967 పాస్‌పోర్టు చట్టం ఇరవయ్యో సెక్షన్, ప్రజాహితం అనుకుంటే పౌరులు కానివాళ్ళకు కూడా ప్రయాణ పత్రం ఇవ్వవచ్చని కేంద్రానికి స్పష్టంగా అధికారమిచ్చింది. విదేశీ ప్రయాణం, జీవించే హక్కుతో పాటే ఉన్న వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు ప్రతి వ్యక్తిదీ. చట్టముంది, తీర్పుంది, టిబెటన్ల ఉదాహరణ ఉంది. లేనిది నిర్ణయం.

2012లో తల్లి చంకలో బాలాపూర్ చేరిన బిడ్డలకు 2030 నాటికి పద్ధెనిమిది నిండుతాయి. ఈ ఊళ్ళో పెరిగారు, ఇక్కడి మాట నేర్చారు. బడిలో చేర్చుకోవడంలో ఏ బిడ్డకూ వివక్ష ఉండదని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అంది. కొందరు చదువుకుంటున్నారు కూడా. రెండు తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు నా విన్నపం: ఇరవయ్యో సెక్షన్ కింద వీళ్ళకు గుర్తింపు పత్రం, తీసుకుంటామన్న దేశానికి వెళ్ళేవాళ్ళకు ఎగ్జిట్ పర్మిట్ ఇమ్మని సభలో అడగండి. రంగం నుంచి తిరిగొచ్చిన కుటుంబాల వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీ తాతల దగ్గరున్న ఆనాటి కాగితం ఏమిటో, అది లేకపోతే ఏమయ్యేదో మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. ఈ విషయంలో మీ మాటకున్న బరువు ఇంకెవరి మాటకూ ఉండదు.