యూరిక్ యాసిడ్ అంటే వేలి నొప్పి ఒక్కటే కాదు

మన షోలాపూర్‌లో పెద్దమనుషులు నలుగురు కూడితే యూరిక్ యాసిడ్ ముచ్చట రాక మానదు. రాత్రిపూట కాలి బొటనవేలు ఎర్రగా వాస్తది, దుప్పటి తగిలినా ఓర్వలేరు. గోలీ వేసుకుంటే తగ్గుతది. రిపోర్టు గూట్లో పడేస్తారు. నేను మిల్లులో నూలు ఖాతాలో పనిచేసి దిగినవాణ్ని, డాక్టర్ను కాను. నా రిపోర్టులో 8 దాటితే అడిగి తెలుసుకున్న సంగతులు చెప్తున్నా.

మన కణాల్లో, తినే తిండిలో ప్యూరిన్ అనే పదార్థం ఉంటది. అది విరిగితే మిగిలేదే యూరిక్ యాసిడ్. మూడింట రెండు వంతులు కిడ్నీలు మూత్రంలో పంపిస్తాయి, మిగతాది పేగుల నుంచి పోతది. మామూలుగా మగవాళ్లకు 7, ఆడవాళ్లకు 6 దాటితే ఎక్కువ అంటారు. నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఇది పెరుగుతది.

మరి కొవ్వుతో దీనికేం పని? మిల్లు బాయిలర్ గుర్తు తెచ్చుకోండి. మంట మందగిస్తే బొగ్గు కుప్పపడతది. మన కణాల్లో కూడా మైటోకాండ్రియా అనే చిన్న పొయ్యిలున్నాయి. అవి కొవ్వును కాల్చి శక్తినిస్తాయి. లివర్ కణాల లోపల యూరిక్ యాసిడ్ పెరిగితే ఆ మంట తగ్గి, కొత్త కొవ్వు తయారీ పెరుగుతదని కణాల మీద, ఎలుకల మీద చేసిన పరీక్షల్లో చూశారు. మనుషుల్లో కూడా యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లకు ఫ్యాటీ లివర్, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా కనబడతాయి. సన్నగా ఉన్నవాళ్లకూ లివర్‌లో కొవ్వు చేరొచ్చు.

ఇది రెండు దిక్కులా నడుస్తది. పొట్ట పెరిగి ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే, కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను సరిగా బయటికి పంపవు. పడుగూ పేకా లెక్క ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అయితే యూరిక్ యాసిడ్ గోలీతో కొవ్వు కరుగుతదని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. మనుషుల్లో అది రుజువు కాలేదు.

మనవాళ్లు మటన్, కార్జం మానేస్తారు, మంచిదే. చాయ్‌లో చక్కెర మాత్రం మానరు. చక్కెరలో సగం ఫ్రక్టోజ్. లివర్ దాన్ని అరిగించేటప్పుడు కణంలోని శక్తి గబగబా ఖర్చయి యూరిక్ యాసిడ్ పుడతది. మిగులు ఫ్రక్టోజ్ కొవ్వుగా మారుతది. దెబ్బ ఒకటే, నష్టం రెండు. రోజుకు ఐదు చాయ్‌లు, రెండేసి చెంచాలంటే పది చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు, అంటే ఆరు చెంచాల లోపు ఉంటే మేలంటది. 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింకు ఒక్కదాంట్లోనే సుమారు 30 గ్రాములుంటది. బీడీలు చుడుతూ చాయ్ మీదే పూట గడిపే అక్కాచెల్లెళ్లు ఈ లెక్క చూసుకోవాలె. బీరు, సారా అయితే యూరిక్ యాసిడ్‌నూ పెంచుతాయి, లివర్‌లో కొవ్వునూ పెంచుతాయి.

చేయాల్సినవి ఇవి:

చాయ్‌లో చక్కెర రెండు చెంచాల నుంచి ఒకటికి, తర్వాత అరకు దించండి. పండ్ల రసం బదులు పండే తినండి.

ఎండాకాలం నీళ్లు బాగా తాగండి. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు ఎన్ని తాగాలో డాక్టర్‌ను అడగండి.

బరువు మెల్లగా తగ్గండి. ఒక్కసారిగా కడుపు మాడిస్తే యూరిక్ యాసిడ్ ఇంకా పెరుగుతది.

యూరిక్ యాసిడ్ ఎక్కువని తేలితే ట్రైగ్లిజరైడ్లు, షుగర్, క్రియాటినిన్ కూడా చూపించుకోండి. లివర్‌కు సోనోగ్రఫీ కావాలా అని డాక్టర్‌ను అడగండి.

మెడికల్ షాపులో అడిగి నొప్పి గోలీలు రోజూ మింగొద్దు, కిడ్నీలు పాడవుతాయి. డాక్టర్ రాసిన గోలీని మీ అంతట మీరు ఆపొద్దు.

వేలి నొప్పి అరుస్తది కాబట్టి మనం వింటాం. లివర్‌లో చేరే కొవ్వు అరవదు. గూట్లో పెట్టిన రిపోర్టు ఈ వారం తీసి మళ్లీ చూడండి.