బంతికీ ఒంటికీ మధ్య: హాకీ గోల్‌కీపర్ రక్షణ సామగ్రి

రాయచోటి నుంచి దక్షిణంగా పీలేరు దాటి వెళితే వచ్చే ఎర్రావారిపాలెం మండలంలో పుట్టిన ఎతిమరపు రజని, 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత మహిళల హాకీ జట్టులో గోల్‌కీపర్. జట్టులో తలనుంచి కాలివేళ్ల దాకా కవచం తొడుక్కునేది ఆ స్థానంలో ఆడేవారే. హెల్మెట్, కాలి ప్యాడ్లు, పాదాలపై తొడిగే కిక్కర్లు నిబంధనల ప్రకారం తప్పనిసరి కాగా, వాటికి తోడు గొంతు, ఛాతీ, చేతుల రక్షణ కూడా ఉంటుంది.

వీటి అవసరం ఎంతటిదో లెక్క వేస్తే తెలుస్తుంది. సుమారు 160 గ్రాముల బరువుండే గట్టి బంతిని పెనాల్టీ కార్నర్‌లో స్టిక్‌తో ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్ గంటకు 108 కిలోమీటర్ల వేగం అందుకుంటే, దాని గతిశక్తి 72 జౌళ్లు, అంటే ఏడు కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినంత. గోల్ గీతకు 14.63 మీటర్ల దూరంలోని సర్కిల్ అంచు నుంచి ఆ బంతి అర సెకనులో వచ్చి పడుతుంది. చూసి స్పందించడానికే అందులో 0.2 సెకన్లు పోతాయి కనుక ఒళ్లు తప్పించుకునే వ్యవధి ఉండదు, పైగా ఒంటిని అడ్డం పెట్టడమే గోల్‌కీపర్ పని. బంతి 5 మిల్లీమీటర్లలో ఆగితే శరీరంపై పడే సగటు బలం 14,000 న్యూటన్లు దాటుతుంది, అదే 3 సెంటీమీటర్ల దూరంలో మెల్లగా ఆగితే ఆరో వంతుకు తగ్గుతుంది. ప్యాడ్ మందం చేసే మేలు ఇదే, అది దెబ్బను ఎక్కువ విస్తీర్ణానికి పంచుతుంది కూడా.

పూర్వపు ప్యాడ్లలో బెత్తపు చువ్వలు, దూది, కాన్వాసు గుడ్డ ఉండేవి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో కృత్రిమ మైదానాలు హాకీలో స్థిరపడ్డాక, నీటితో తడిపే ఆ నేలపై అవి నీరు పీల్చి బరువెక్కేవి. వాటి స్థానంలోకి వచ్చిన ఫోమ్‌లో ఒకదానితో ఒకటి కలవని లెక్కలేనన్ని గాలి గదులు ఉంటాయి; బంతి తగిలినప్పుడు లోపలి గాలి నొక్కుకుపోయి, వెంటనే వ్యాకోచించి, శక్తిలో కొంత బంతికే తిరిగి ఇస్తుంది. కాలి ప్యాడ్ల నుంచి ఆటకు కావలసిందీ అదే, ఎందుకంటే గోల్ ముందు చచ్చుపడిన బంతి ప్రత్యర్థికి సులువుగా దొరుకుతుంది. ఛాతీ కవచం మాత్రం శక్తిని మింగేయాలి. ఒకే ఒంటిపై రెండు విరుద్ధ గుణాలున్న పదార్థాలను ఇలా పక్కపక్కనే అమర్చడం ఈ సామగ్రిలో అన్నిటికన్నా మెచ్చుకోదగిన విషయం.

కర్ర చివర వలతో బంతిని పట్టి విసిరే లాక్రాస్‌లో సమస్య ఇంకో రకం. 1904, 1908 ఒలింపిక్స్ తర్వాత మళ్లీ 2028లో లాస్ ఏంజెలిస్‌లో పతకాల క్రీడగా రానున్న ఈ ఆటలో బంతి దాదాపు 145 గ్రాముల గట్టి రబ్బరు ముద్ద. గుండె ఒక్కో స్పందనలో సుమారు 20 మిల్లీసెకన్లపాటు సున్నితస్థితిలో ఉంటుంది, సరిగ్గా ఆ క్షణాన గుండెకు ఎదురుగా ఛాతీపై బంతి తగిలితే, ఎముక విరగకపోయినా లయ తప్పి గుండె ఆగిపోవచ్చు. దీనినే కమోషియో కార్డిస్ అంటారు. వెంటనే విద్యుత్ షాక్ ఇచ్చి లయను సరిదిద్దకపోతే ప్రాణం దక్కడం కష్టం. పాత కవచాలు పక్కటెముకలను కాపాడినా గుండెకు భరోసా ఇవ్వలేవని తేలడంతో, అమెరికా పాఠశాల క్రీడల్లో 2021 నుంచి గోల్‌కీపర్లకు, 2022 నుంచి బాలుర లాక్రాస్‌లోని మిగతా ఆటగాళ్లకు కొత్త ప్రమాణం పాటించే ఛాతీ కవచాలను తప్పనిసరి చేశారు.

రాయలసీమలో ఎండ మరో పరీక్ష పెడుతుంది. పొడిగాలిలో చెమట త్వరగా ఆరి ఒళ్లు చల్లబడవలసి ఉన్నా, గాలి గదులతో నిండిన ఫోమ్ ఉష్ణాన్ని బయటికి పోనివ్వదు, చెమటను ఆరనివ్వదు. అందువల్ల వేసవిలో గోల్‌కీపర్ సాధన తెల్లవారుజామున పెట్టుకుని, మధ్యమధ్య హెల్మెట్, ఛాతీ కవచం విప్పించి నీళ్లు తాగించడం అవసరం. ఒక జట్టు వాడి వదిలేసిన సామగ్రి తర్వాతి పిల్లలకు చేరే చోట హెల్మెట్‌ను మరీ జాగ్రత్తగా చూడాలి: లోపలి ఫోమ్ బొటనవేలితో నొక్కితే తిరిగి లేవకపోయినా, పైపెంకు బీటలు వారినా, తల ఊపినప్పుడు హెల్మెట్ విడిగా కదిలినా, దాన్ని పిల్లల తలకు పెట్టకూడదు.