పలకపై రచన

మనుష్యుడు వ్రాతకై ఏ సాధనమును చేపట్టినను, ముందుగా దాని స్వభావమును తెలిసికొనవలసియే వచ్చెను. మన పూర్వులు తాటియాకులను ఎండబెట్టి, సాపుచేసి, ఇనుప గంటముతో వానిపై అక్షరములను గీచుచుండిరి. గంటము లోతుగా దిగిన ఆకు చినుగును. పైపైన సాగిన గీత కనబడదు. గీచిన పిదప మసి పూసి తుడువగా అక్షరములు నల్లగా తేలును. ఈ మెలకువలన్నియు తెలిసినవాడే మంచి లేఖకుడనిపించుకొనెను. కాగితమును కలమును వచ్చినపుడు చేతికి వేఱొక అలవాటు కావలసివచ్చెను. బడిపిల్లల రాతిపలకకును, కచేరీలలోని టైపుమిషనుకును వాని వాని మెలకువలు ఉండెను. ఇప్పుడు పిల్లల చేతికి మరల పలకయే వచ్చినది. అయితే ఇది రాతిపలక కాదు. విద్యుత్తుతో పనిచేయు గాజుపలక. దీనిని ట్యాబ్లెట్ అనియు, వాడుకలో ట్యాబు అనియు పిలుచుచున్నారు.

పలక వంటి కంప్యూటరు అను ఊహ నిన్నటిది కాదు. 1972లో అలన్ కే అను అమెరికా శాస్త్రజ్ఞుడు, పిల్లలు చేతబట్టుకొని తిరుగదగిన పలుచని కంప్యూటరు నొకదానిని ఊహించి, దానికి ‘డైనాబుక్’ అని పేరుపెట్టెను. పిల్లలు దానిపై చదువుటయే గాక, వ్రాయవలెననియు, బొమ్మలు గీయవలెననియు అతని ఆశయము. ఆనాటి సాంకేతిక విద్య అందుకు చాలకపోయెను. 2010లో ఆపిల్ సంస్థ ‘ఐప్యాడ్’ను విడుదల చేసిన పిదప ఇట్టి పలకలు లోకమంతట వ్యాపించెను. మన దేశమున 2011 అక్టోబరులో విద్యార్థులకై ‘ఆకాశ్’ అను చౌక ట్యాబును కేంద్ర ప్రభుత్వము ఆవిష్కరించెను. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలలలోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకు నాలుగు లక్షలకు పైగా ట్యాబులను పంచెను. పలక ఇట్లు పెక్కుమందికి అందినది. కాని దానిపై చదువువారు, బొమ్మలు చూచువారు ఎక్కువ. నాలుగు పుటలు నిండుగా వ్రాయువారు తక్కువ.

దీనికి కారణము లేకపోలేదు. టైపుమిషనుపై మీటల అంచులు వ్రేళ్ళకు తగులును. అలవాటుపడినవాడు వానిని చూడకయే వ్రాయగలడు. ట్యాబునందు మీటలు గాజుపై చిత్రించిన బొమ్మలు మాత్రమే. తెరపై పలుచని విద్యుత్ క్షేత్రముండును. వ్రేలు తాకినచోట ఆ క్షేత్రమునందు మార్పు కలుగును. ఆ మార్పునుబట్టి యంత్రము వ్రేలున్న తావును గుర్తించును. అందువలననే గోటితోగాని, మామూలు కలముతోగాని తాకిన అది పలుకదు. తడిచేతితో తాకిన పొరపడును. వ్రాయువాని చూపు ఎల్లప్పుడును మీటలపైననే ఉండవలసివచ్చును. పైగా ఆ మీటల వరుసలు తెరలో పెద్ద భాగమును ఆక్రమించును. వ్రాసినదానిలో కొన్ని పంక్తులే కంటికి కనబడును.

ఈ చిక్కులకు విసిగి పలువురు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుచున్నారు. చిన్న కబురునకు అది చాలునేమో గాని, రచనకు చాలదు. కల, కళ, కాల అను మూడు మాటలును ఇంగ్లీషు అక్షరములలో సాధారణముగా ఒకే తీరున కనబడును. హ్రస్వమేదో, దీర్ఘమేదో, ళకారమేదో చదువువాడు ఊహించుకొనవలెను. ఒకే మాటను నలుగురు నాలుగు విధముల వ్రాయుదురు గనుక, తరువాత వెదకినను అది దొరకదు. తెలుగు లిపిలో వ్రాయుట కష్టమను తలంపే ఈ నష్టమునకు మూలము. ఆ తలంపు సరియైనది కాదని తెలిసికొనుటకు ఒక ఉదాహరణము చాలును.

ఒక బాలిక తన గ్రామపు చెఱువును గూర్చి పాఠశాల పత్రికకు వ్యాసము వ్రాయదలచినదనుకొందము. ఆమె చేతిలో ఉన్నది ట్యాబు మాత్రమే. ట్యాబును తెఱువకముందే ఆమె చేయవలసిన పని ఒకటి కలదు. చెప్పదలచిన విషయములను చిన్న కాగితముపై వరుసగా గుర్తువేసికొనవలెను: చెఱువు ఏ వాగునుండి నిండును, తూములెన్ని, దానిక్రింద ఏ పంటలు పండును, ముసలివారు దానిని గూర్చి ఏమి చెప్పుదురు. ఆలోచన తెగినపుడు కాగితముపై కలము ఊరకుండును. ట్యాబునందో, ఆ సమయమున వ్రేలు వేఱొక బొమ్మపైకి పోవును. మనస్సు దానివెంట పోవును. విషయము ముందే సిద్ధమైనచో ట్యాబుపై చేయవలసినది వ్రాతపని మాత్రమే.

పిమ్మట పలకను సరిగా నిలుపవలెను. ఒక చేత పట్టుకొని రెండవ చేతి వ్రేలితో వ్రాసినచో కొంతసేపటికి మణికట్టు నొప్పిపెట్టును. బల్లపై కొంచెము ఏటవాలుగా ఆనించినచో రెండు చేతులును పనికి వచ్చును. అడ్డముగా త్రిప్పిన మీటలు పెద్దవగును గాని, వ్రాత కనబడు చోటు తగ్గిపోవును. నిలువుగా ఉంచిన పంక్తులు ఎక్కువ కనబడును. కావున వ్రాయునపుడు అడ్డముగను, దిద్దునపుడు నిలువుగను ఉంచుట మేలు. దీర్ఘమైన వ్యాసములు తఱచు వ్రాయువారికి, తీగ లేకయే ట్యాబుతో కలియు వేఱు కీబోర్డు మిక్కిలి ఉపకరించును. అప్పుడు మీటలు తెరను కప్పవు. వ్రేళ్ళకు మీటల అంచులును తెలియును.

ఇక అక్షరముల మాట. కంప్యూటరు అక్షరమును ఆకారముగా దాచదు, సంఖ్యగా దాచును. ప్రపంచమునందలి లిపులన్నిటికిని ఉమ్మడిగా ఏర్పడిన సంఖ్యల పట్టికకు యూనికోడ్ అని పేరు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు చోటు లభించెను. అందు తెలుగు లిపికి 128 గదులు కేటాయింపబడినవి. అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు, పొల్లునకు వేఱువేఱు సంఖ్యలు కలవు. వత్తులకు మాత్రము లేవు. హల్లు, పొల్లు, మఱియొక హల్లు వరుసగా వచ్చినచో యంత్రము తానే రెండవ హల్లును వత్తుగా మార్చి చూపును. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరము యంత్రమునకు ఆరు సంఖ్యలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము.

ఈ సంగతి తెలిసిన దిద్దుబాటు సులభమగును. చెరుపు మీటను ఒకసారి నొక్కిన, సాధారణముగా చివరి సంఖ్య ఒక్కటియే పోవును గాని, అక్షరమంతయు పోదు. ‘స్త్రీ’కి బదులు ‘స్త్రి’ అని పడినచో మొత్తమును చెరుపనక్కఱలేదు. ఒక్కమారు చెరిపి గుడిదీర్ఘము నిచ్చిన చాలును. కొన్ని మాటలలో మాత్రము వత్తు రాకుండ పొల్లును నిలుపవలసియుండును. ‘సాఫ్ట్‌వేర్’ అని వ్రాయబోగా ‘సాఫ్ట్వేర్’ అని పడుట అందఱును చూచినదే. పొల్లునకును తరువాతి హల్లునకును నడుమ, అతుకును ఆపునట్టి కంటికి కనబడని సంకేతము నొకదానిని ఉంచినచో ఆ తప్పు తొలగును. పెక్కు తెలుగు కీబోర్డులలో ఆ సంకేతమునకు ఒక మీట కలదు.

తెలుగు వ్రాయుటకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు. మొదటిది ఇన్‌స్క్రిప్ట్ అను మీటల అమరిక. దీనిని భారత ప్రభుత్వము 1986లో రూపొందించెను. ఇందు గుణింతపు గుర్తులు, అచ్చులు ఎడమచేతి వైపునను, పెక్కు హల్లులు కుడిచేతి వైపునను ఉండును. క, ఖ వంటి జంటలు ఒకే మీటపై ఉండును. భారతీయ లిపులకు ఈ అమరిక ఉమ్మడి గనుక, తెలుగున నేర్చినవానికి కన్నడమును, హిందీని వ్రాయుటకు క్రొత్త అభ్యాసము అంతగా అక్కఱలేదు. రెండవది, ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరములలో కొట్టగా యంత్రము దానిని తెలుగు లిపిలోనికి మార్చు పద్ధతి. ఇది త్వరగా పట్టుబడును గాని, యంత్రము సూచించిన మాటలలో సరియైనదానిని ఎన్నుకొనుటకు మెలకువ కావలెను. మూడవది, పలికిన మాటను వ్రాతగా మార్చునది. 2017 ఆగస్టులో గూగుల్ సంస్థ తన పలుకు-వ్రాత సాధనమునకు తెలుగును కూడ చేర్చెను. వృద్ధులకును, చేతులు సరిగా ఆడనివారికిని ఇది గొప్ప వరము. మన బాలిక తన తాత చెప్పు చెఱువు ముచ్చటలను ఆయన నోటనే పలికించి వ్రాతగా మార్చుకొనవచ్చును. అయితే ఊరి పేర్లను, పల్లె మాటలను యంత్రము తఱచు పొరపడును. విరామ చిహ్నములను విడిచివేయును. కావున పలికించిన ప్రతి పంక్తిని తిరిగి చదివి దిద్దుకొనవలెను.

దిద్దునపుడు వ్రేలిని రెండక్షరముల నడుమ సరిగా ఉంచుట కష్టము. వ్రేలు అక్షరముకన్న లావు. పెక్కు కీబోర్డులలో మాటల నడుమ ఎడమునిచ్చు పొడవాటి మీటపై వ్రేలిని అదిమిపట్టి ప్రక్కకు జరిపినచో, వ్రాత సాగు తావును తెలుపు గీత ఒక్కొక్క అక్షరము చొప్పున కదలును. మాటిమాటికి వచ్చు పొడవైన పేర్లకు పొట్టి గుర్తులను ముందుగా నేర్పియుంచిన, ఆ గుర్తును కొట్టగనే యంత్రము పూర్తి మాటను సూచించును.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది వ్రాసినదానిని కాపాడుకొనుట. ట్యాబునందు ఒక పని నడుచుచుండగా వేఱొక పనిని తెఱచినచో, చోటు చాలనపుడు యంత్రము మొదటిదానిని మూసివేయును. అప్పటికి భద్రపఱుపని వ్రాత నశించును. బాలిక తన వ్యాసమును పత్రికకు పంపెడి చోటనే నేరుగా వ్రాయుచున్నచో, సగములో ఒక పిలుపు వచ్చినను, విద్యుత్తు అయిపోయినను గంట శ్రమయు పోవచ్చును. పోయిన వాక్యములను ఆమె మరల వ్రాయగలదు. కాని తాత ఆనాడు తలచుకొని చెప్పిన మాటలు మరియొకనాడు అదే తీరున రావు. చెఱువునకు ఆ పేరు ఎట్లు వచ్చెనో, ఏ యేట కట్ట తెగెనో ఎఱిగినవారు ఊరిలో ఆయన ఒక్కరే కావచ్చును. కావున మాటిమాటికి తనంతట తానే భద్రపఱచుకొను చిట్టాలో ముందు వ్రాయవలెను. పూర్తియైన పిదపనే దానిని పత్రికకు పంపవలెను. మఱియొక ప్రతిని వేఱొకచోట దాచవలెను. మన లేఖకులు ఒక గ్రంథమునకు ఆకులపై పలు ప్రతులెత్తుటచేతనే మనకు పూర్వగ్రంథములు పెక్కు దక్కినవి. ఒక్క ప్రతియే ఉండి, దానికి చెదపట్టినచో ఆ గ్రంథమునకు దిక్కులేదు. గాజుపలకకు చెదపట్టదు గాని, అది క్రిందపడి పగులును.

వ్రాయువాడు తన శరీరమును కూడ మఱువరాదు. ఇరువది నిమిషముల కొకమారు చూపును తెరనుండి మరల్చి, ఇరువది అడుగుల దూరమునగల వస్తువుపై ఇరువది సెకండ్లు నిలుపుట కంటికి విశ్రాంతినిచ్చును. పలకకు ఎండ తగులనీయరాదు. మితిమీరిన వేడికి బ్యాటరీ చెడును.

చివరకు వ్యాసము ముగిసిన పిదప ఒక పూట ఆగి, ఎవరికైనను దానిని పైకి చదివి వినిపించుట మంచిది. తెరపై కన్ను జాఱవిడిచిన తప్పును చెవి పట్టుకొనును. బాలిక తన వ్యాసమును తాతకే వినిపించినచో, యంత్రము పొరపడిన తూము పేరును ఆయనయే దిద్దును. గంటమునకు ఆకు లోబడుటకును, గాజుపలకకు తెలుగు లోబడుటకును కావలసినది ఒక్కటే: కొలదిదినముల ఓపికగల అభ్యాసము. ఆ ఓపిక చూపినవాని ఊరు, ఆ ఊరి చెఱువు, దానిని గూర్చిన పెద్దల మాటలు తెలుగు లిపిలో నిలుచును.